వాల్పారైలో నల్లకోతికి చిప్స్ పెడితే ఒకాయన కేకలేశాడు. అంత తప్పా?

గోదారి_గట్టు
పోయిన వారం కోయంబత్తూరులో పెళ్ళికి వెళ్ళి, అటునుంచి అటే వాల్పారై పోయాం. ఆళియార్ దాటాక 40 మలుపులు, మా ఆవిడకి వాంతులు, అది వేరే కథ. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా పుదుత్తోట్టం అనే చోట రోడ్డు పక్కన కోతులు కనిపించాయి. ఒళ్ళంతా కాటుక నలుపు. మొహం చుట్టూ తెల్లటి జూలు, మా తాతగారి గడ్డంలా. మావాడికి ఏడేళ్ళు, చేతిలో చిప్స్ ఉంటే రెండు విసిరాడు. ఒక కోతి దర్జాగా వచ్చి తీసుకుంది. ఫొటో తీశా. పైన కరెంటు తీగ ఒకటి అడ్డంగా పడి ఫొటో కాస్త పాడైంది గానీ కోతి మాత్రం బాగా వచ్చింది.

అంతలో బైకు మీద పోతున్న ఒకాయన ఎవరో ఆగి తమిళంలో ఒకటే కేకలు. మావాడు ఏడ్చేశాడు. మా ఊళ్ళో శనివారం ఆంజనేయస్వామి గుడి దగ్గర కోతులకి అరటిపళ్ళు పెడతాం, పుణ్యం అంటారు. ఇక్కడ తిట్లు తిన్నాం. ఇంతకీ అదేం కోతి? మేం చేసింది అంత పెద్ద తప్పా?

కందిచేను
మీకు పుణ్యం, మాకు శాపం. మీరు గుడి దగ్గర అలవాటు చేసిన కోతులే మా మొక్కజొన్న మీద పడేది. బైకాయన మంచి పని చేశాడు.

వేపచెట్టు_నీడ
పిల్లాడిని ఏడిపించాలా దానికి? మెల్లగా చెప్తే సరిపోయేది.

కోవై_తెలుగోడు
నేను పొళ్ళాచ్చి వైపే పదేళ్ళ నుంచి ఉంటున్నా కాబట్టి చెప్తాను. మీరు చూసింది మామూలు కోతి కాదన్నా. సింహపు తోక కోతి. తమిళంలో సోలైమంది, మలయాళంలో సింహవాలన్ కురంగు, కన్నడంలో సింగళీక. జూలు చూసి సింహం పేరు పెట్టారని అందరూ అనుకుంటారు. కాదు, తోక చివర సింహానికి ఉన్నట్టు చిన్న కుచ్చు ఉంటుంది, అందుకు. ఫొటోలో తోక పడిందేమో చూడండి.

ప్రపంచం మొత్తం మీద ఇది అడవిలో ఉండేది పడమటి కనుమల్లోనే. అదీ కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో వానలు బాగా పడే అడవుల ముక్కల్లో. పెద్దవి 2,500 దాకా ఉంటాయని లెక్క. పులులే ఇంతకంటే ఎక్కువున్నాయి మన దేశంలో. పులికి ఉన్నట్టే దీనికీ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఆ కేకల వెనక ఉన్న సంగతి అది.

గోదారి_గట్టు
2,500 ఏనా? అక్కడ రోడ్డు మీద పది పదిహేను కూర్చుని ఉన్నాయి కదా, ఊరకుక్కల్లాగా. అంత అరుదైనవైతే అడవి లోపల దాక్కోవాలి గానీ.

కోవై_తెలుగోడు
అదే బాధ. ఇవి చెట్ల మీద బతికే కోతులు. పెద్ద అడవిలో రోజుల తరబడి నేల మీద కాలు పెట్టవు. కొమ్మ నుంచి కొమ్మకే తిండి, నిద్ర, సంసారం. వాల్పారై పీఠభూమిలో బ్రిటిష్ వాళ్ళ కాలంలో అడవి నరికి టీ తోటలు వేశారు. మధ్యలో అక్కడక్కడ అడవి ముక్కలు మిగిలాయి, సముద్రంలో లంకల్లాగా. పుదుత్తోట్టం అలాంటి ముక్కే. వంద హెక్టార్లు కూడా లేదు. దాని మధ్యలోంచి రోడ్డు. అటు చెట్టుకీ ఇటు చెట్టుకీ కొమ్మలు అందనప్పుడు కోతి ఏం చేస్తుంది? దిగి నడుస్తుంది. దిగినప్పుడు బండి కింద పడుతుంది.

చిప్స్ రుచి మరిగినవి బండి చప్పుడు వింటే పారిపోకుండా ఎదురొస్తాయి. అర్థమైందా కేకలెందుకో.

నల్లమల_నడక
నేను వండలూరు జూలో చూశా వీటిని, చెన్నైలో చదువుకునేటప్పుడు. గాజుకళ్ళలాంటి గోధుమ రంగు కళ్ళు. గంటసేపు అక్కడే నిలబడ్డా. క్లాసు ఎగ్గొట్టాననుకోండి.

అసలు ఇవి మకాక్ అనే రకం కోతుల్లో చిన్నవాటిలో లెక్క. జూలు వల్ల పెద్దగా కనిపిస్తాయి గానీ మగది ఎనిమిది తొమ్మిది కిలోలుంటే ఎక్కువ. పుట్టిన పిల్లకి జూలు ఉండదు, మొహం లేతగా ఉంటుంది. రెండు నెలలయ్యాక మొలవడం మొదలవుతుంది.

కందిచేను
కోతి కోతే. రంగు మారినంత మాత్రాన బుద్ధి మారుతుందా? మా ఊళ్ళో ఎర్ర మొహం కోతులు ఇళ్ళ పైకప్పు పెంకులు తీసి లోపలికి దూరుతున్నాయి. కొండెంగను తెచ్చి కాపలా పెట్టుకుందామంటే అది కూడా నేరమట. పోయినేడు కంది సగం వాటికే. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల కేంద్రం పెట్టారు, పట్టుకుని ఆపరేషన్ చేసి వదలడానికి. ఎన్నిటికని చేస్తారు? మీరేమో కోతులు తగ్గిపోతున్నాయని ఏడుస్తున్నారు. మావి ఒక లారీ పంపిస్తా, అడ్రసు పెట్టండి.

వేపచెట్టు_నీడ
లారీకి టోల్ ఎవరు కడతారు 😄

బోటనీ_మేష్టారు
కందిచేను గారి కష్టం నిజమే, కానీ రెండిటినీ ఒకే గాట కట్టకండి. మన ఊళ్ళ కోతి ఏదైనా తింటుంది, ఎక్కడైనా బతుకుతుంది, ఆడది నాలుగైదేళ్ళకే తల్లవుతుంది, తర్వాత ఇంచుమించు ఏడాదికో పిల్ల. సింహపు తోక కోతి ఆడది మొదటిసారి కనేసరికి ఆరేళ్ళు దాటుతుంది. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య రెండున్నరేళ్ళ దాకా పడుతుంది. అంటే ఏడాదిలో రోడ్డు మీద రెండు తల్లులు పోతే ఆ గుంపు కోలుకోవడానికి ఎంత కాలమో మీరే లెక్కవేసుకోండి. మీ చేలో కోతికీ దీనికీ కుటుంబం ఒకటే, కాపురం వేరు.

ఇక తిండి. వీటికి ప్రాణంలాంటి చెట్టు ఒకటుంది, కల్లేనియా అని. మలయాళీలు వెడిప్లావు అంటారు. వెడి అంటే పేలుడు, ప్లావు అంటే పనస. ఒంటినిండా ముళ్ళున్న కాయ, పండితే పగులుతుంది. మనకి తెలిసిన డూరియన్‌కి చుట్టం. అడవిలో మిగతా పళ్ళు కరువైన నెలల్లో దీని పూలు కొమ్మలకి గుత్తులు గుత్తులుగా అంటుకుని పూస్తాయి. కోతులు ముందు ఆ దళసరి పూలు తింటాయి, తర్వాత కాయ కొరికి గింజలు తింటాయి. ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా ఒలుస్తాయో చూస్తే మా ఇంట్లో పనసకాయ కొట్టే వాళ్ళు సిగ్గుపడాలి. ఈ చెట్టు ఉన్న అడవి, ఈ కోతి ఉన్న అడవి, రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెడితే చాలా మటుకు కలుస్తాయి.

నల్లమల_నడక
పళ్ళే కాదు మేష్టారు. పురుగులు, సాలీళ్ళు, నత్తలు, కప్పలు, బల్లులు, పక్షి గూట్లో పిల్లలు కూడా. గొంగళిపురుగుకి దురద నూగు ఉంటుంది కదా, ఒక ఆకు తెంపి దాంతో పురుగును బాగా రుద్ది, నూగు పోయాక నోట్లో వేసుకుంటాయి. 1980ల్లోనే పరిశోధకులు రాసిపెట్టారు ఈ సంగతి.

వేపచెట్టు_నీడ
మా అత్తగారు చేమదుంపలకి చేతులు దురద పెట్టకుండా చింతపండు రాసుకున్నట్టు.

గోదారి_గట్టు
ఆకుతో తుడుచుకుని తినే జీవికి మేం మసాలా చిప్స్ పెట్టాం. సరే, కాస్త సిగ్గేస్తోంది ఇప్పుడు.

రామచిలుక77
ఒక డౌటు. నీలగిరిలో కూడా నల్లకోతి చూశాం మేము, అదీ ఇదీ ఒకటేనా? మా బంధువు ఒకాయన ఆ కోతితో లేహ్యం చేస్తారని చెప్పాడు, ఉబ్బసానికట.

కోవై_తెలుగోడు
ఒకటి కాదు. మీరు చూసింది నీలగిరి కొండముచ్చు. ఒళ్ళు నలుపే గానీ తల దగ్గర తేనె రంగు, జూలు లేదు, తోక బాగా పొడుగు. మలయాళంలో కరింకురంగు అంటారు. ఆ లేహ్యం పిచ్చితో దాన్ని ఒకప్పుడు విపరీతంగా వేటాడారు, ఇప్పుడది జైలు పని. నల్లగా ఉంది కదా అని పొరపాటున సింహపు తోకవీ బలయ్యాయి. ఉబ్బసానికి డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి మీ బంధువుని.

శిరసి_కోడలు
నేను పుట్టింది అనంతపురం, మెట్టింది కర్ణాటకలో శిరసి. ఈ కోతి మా అత్తగారి ఊరి వెనక అడవిలో ఉందని పెళ్ళయిన మూడేళ్ళకి గానీ తెలీలేదు. కనపడవు, వినపడతాయి. పొద్దున్నే మగది దూరం నుంచి గట్టిగా ఒక కూత వేస్తుంది, లోయంతా మోగుతుంది. మా మామగారు విని ‘సింగళీక లేచింది, కాఫీ పెట్టమ్మా’ అనేవారు.

శిరసి, హొన్నావర మధ్య అడవుల్లో ముప్పైకి పైగా గుంపులున్నాయని లెక్కలో తేలింది. అంతకుముందు ఇంత ఉత్తరాన ఇన్ని ఉన్నాయని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మైసూరు విశ్వవిద్యాలయం మేవా సింగ్ గారు, వాళ్ళ శిష్యులు ఏళ్ళ తరబడి తిరిగి లెక్కపెట్టారు. 2011లో అఘనాశిని పేరుతో రక్షిత ప్రాంతం ప్రకటించారు.

ఇక్కడ గొడవ చిప్స్ గురించి కాదు, ఉప్పగె గురించి. చింతపండు బదులు వాడే పులుపు కాయ, తొక్క ఎండబెట్టి అమ్ముతారు. బరువు తగ్గే మాత్రల్లో వాడతారని ఒకప్పుడు రేటు ఆకాశానికంటింది. వానాకాలంలో కాయ పండకముందే జనం పోటీపడి కోసేస్తారు, ఆలస్యం చేస్తే పక్కవాడు కోస్తాడని. కొమ్మలు కూడా విరిచేస్తారు. ఎండ ఉండదు కదా, ఆరబెట్టడానికి పొయ్యి మీద వేయాలి, దానికి మళ్ళీ అడవి కట్టెలు. ఆ కాయే కోతులకీ కావాలి. మా ఇంట్లో కూడా కోశాం, అబద్ధం చెప్పను. ఆ డబ్బుతోనే మా మరిది కాలేజీ ఫీజు కట్టాం.

కందిచేను
చూశారా, శిరసి అక్క నిజం చెప్పింది. అడవి పక్కన బతికేవాడికి ఫీజు కట్టాలి. కోతిని కాపాడమని చెప్పేవాళ్ళంతా సిటీల్లో ఉంటారు.

శిరసి_కోడలు
తమ్ముడూ, నేనన్నది అది కాదు. ఇప్పుడు మా ఊళ్ళో కొందరు పండి రాలాకే ఏరుకుందాం అని మాట అనుకున్నారు. పండిన కాయ తొక్క బరువుంటుంది, మాకూ నష్టం లేదు. కోతి తినగా మిగిలింది మనకి, అంతే. అందరూ మాట మీద నిలబడతారని కాదు, కానీ కొట్లాట తప్ప దారే లేదనకు.

పిడకలవేట
నాకో సంగతి తెలుసు. కేరళలో సైలెంట్ వ్యాలీ అనే అడవి లోయకి ఆ పేరు ఈ కోతి వల్లే వచ్చింది. దీని శాస్త్రీయ నామం మకాకా సైలెనస్. సైలెనస్, సైలెంట్. తెల్లవాళ్ళు పెట్టారు.

బోటనీ_మేష్టారు
ఆ కథ చాలామంది చెప్తారు, నేను నమ్మను. కీచురాళ్ళ రొద లేదని సైలెంట్ అన్నారని ఇంకో కథ. సైరంధ్రి అనే పేరే తెల్లవాళ్ళ నోట్లో తిరిగి సైలెంట్ అయ్యిందని మూడోది. అక్కడి నది పేరు కుంతిపుళ, ఆనకట్ట కడదామనుకున్న చోటు పేరు సైరంధ్రి. మన విరాటపర్వం పాలక్కాడ్ కొండల్లో ఎలా దూరిందో గానీ నాకు మూడోదే నచ్చుతుంది. నచ్చడం వేరు, నిజం కావడం వేరు అనుకోండి.

పేరు సంగతి పక్కన పెడితే, ఆ లోయను నిలబెట్టింది మాత్రం ఈ కోతే. 1970ల్లో కుంతిపుళ మీద జలవిద్యుత్తు ఆనకట్ట కడతామన్నారు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్ళు, సుగతకుమారి లాంటి కవులు, సలీం అలీ లాంటి శాస్త్రవేత్తలు వద్దన్నారు. అప్పట్లో నేను డిగ్రీ విద్యార్థిని. ‘కోతి కోసం కరెంటు మానేస్తారా’ అని మా హాస్టల్లో వెక్కిరించుకునేవాళ్ళం, నేనూ అందులో ఉన్నా. 1983లో ప్రాజెక్టు వదిలేశారు. 1984లో జాతీయ వనం అని ప్రకటించారు, 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ వచ్చి అంకితం చేశారు. నేను మొదటిసారి వెళ్ళింది ఉద్యోగం వచ్చాక. కావలి గోపురం ఎక్కి చూస్తే కనుచూపు మేర పచ్చటి గొడుగులే, ఎక్కడా సందు లేదు. కోతి ఒక్కటీ కనపడలేదు. అదే మంచిదని వాచర్ నవ్వాడు.

పిడకలవేట
సరే మేష్టారు, నా కథ వెనక్కి తీసుకుంటున్నా. అంతదాకా తెలిసినట్టే మాట్లాడా.

సోలార్_సుబ్బడు
కథ అయిపోలేదు. ఇప్పుడు కర్ణాటకలో శరావతి నది లోయలో మళ్ళీ అదే సినిమా. 2019లో సింహపు తోక కోతి పేరుతోనే అభయారణ్యం ప్రకటించారు. ఆ అడవిలోనే 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కడతామంటున్నారు. నేను ఈ రంగంలోనే పని చేస్తున్నా కాబట్టి రెండు వైపులా చెప్తా. పగలు సోలార్ కరెంటు మిగిలితే దాంతో కింది చెరువులో నీళ్ళు పైకి ఎక్కిస్తారు, రాత్రి కరెంటు కావాలంటే వదిలి టర్బైన్ తిప్పుతారు. పెద్ద బ్యాటరీ అనుకోండి. సోలార్ పెరగాలంటే ఇలాంటివి కావాల్సిందే. శరావతిలో రెండు జలాశయాలూ ఎప్పుడో కట్టి ఉన్నాయి, కొత్త ఆనకట్ట అక్కర్లేదు, సొరంగాలు భూమి లోపల. అందుకే ఇంజనీర్లకి ఆ చోటు ముద్దొస్తుంది.

శిరసి_కోడలు
సొరంగం లోపలే. కానీ సొరంగం దగ్గరికి లారీలు గాల్లో ఎగిరి వస్తాయా? రోడ్డు వేయాలి, వెడల్పు చేయాలి, కరెంటు లైన్లు లాగాలి. పైన కొమ్మల దారి తెగితే పుదుత్తోట్టం ఇంకోటి తయారవుతుంది. పైన గోదారి గట్టు గారు చూసింది అదే కదా.

సోలార్_సుబ్బడు
కాదనను. మన కర్నూలు వైపు పిన్నాపురంలో నదికి దూరంగా రాళ్ళ గుట్టల మీద కట్టారు ఇలాంటిది. అలాంటి చోట్లు ముందు వెతకాలి అనే నేనూ అంటా. మా ఆఫీసులో ఇలా అంటే టీ కూడా ఇవ్వరు.

గోదారి_గట్టు
ఇంత పెద్ద కథ ఉందని తెలీదు. ఒక్కటి అడుగుతా, పుదుత్తోట్టంలో ఇప్పుడు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా?

కోవై_తెలుగోడు
పెరిగాయి. ఆ చిన్న ముక్కలోనే వంద దాటాయి.

కందిచేను
మరింకేం, పెరుగుతున్నాయి కదా! నేను చెప్పిందే నిజం.

కోవై_తెలుగోడు
తొందరపడకు తమ్ముడూ. మామూలు అడవిలో ఒక గుంపు అంటే ఇరవై లోపు, ఎక్కువగా ఒకే పెద్ద మగది. ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి పెద్దయ్యాక బయటికి పోయి వేరే గుంపు వెతుక్కుంటాయి. మేనరికాలు కాకుండా అడవి చేసుకున్న ఏర్పాటు అది. ఇక్కడ చుట్టూ టీ తోట. కుర్ర మగది ఎక్కడికి పోవాలి? అంత చిన్న చోట అన్ని చేరితే తిండి చాలక ఇళ్ళ మీద పడతాయి. వాల్పారైలో టీ తోట కూలీలుండే లైను ఇళ్ళలో గుడ్లు, బియ్యం ఎత్తుకుపోతున్నాయి, రేకులు లేపుతున్నాయి. మీ ఊరి కథ అక్కడ మొదలైంది. అక్కడి కూలీ ఆమె దృష్టిలో అది అపురూపమూ కాదు ఏమీ కాదు, గుడ్ల దొంగ.

కందిచేను
ఇప్పుడు అర్థమైంది. ఆమెకి నా సానుభూతి.

నల్లమల_నడక
అక్కడ నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు చాలా ఏళ్ళుగా పని చేస్తున్నారు. ఎస్టేట్ల వాళ్ళతో మాట్లాడి అడవి ముక్కల్లో స్థానిక చెట్లు మళ్ళీ నాటుతున్నారు. రోడ్డు మీద కోతులు దాటే చోట మనుషుల్ని కాపలా పెట్టి బండ్లు ఆపిస్తారు. ఇంకోటి నాకు బాగా నచ్చింది: ఫైరింజన్ వాళ్ళు వాడే పాత గొట్టాలు తెచ్చి రోడ్డు పైన చెట్టు నుంచి చెట్టుకి కట్టారు, కోతులు దిగకుండా దాటడానికి. మొదట్లో అనుమానంగా చూశాయట, తర్వాత అలవాటు పడ్డాయి.

బోటనీ_మేష్టారు
తమాషా ఏమిటంటే అక్కడ వీటిని చాలా వరకు పోషిస్తున్న చెట్టు ఒకటి ఆఫ్రికా నుంచి వచ్చింది. మీసాప్సిస్ అని, కాఫీకి నీడ కోసం తెచ్చి వేశారు. పరాయి చెట్టు కొట్టేయండి అనే నాలాంటి చాదస్తులకి అది కొరుకుడు పడని ముద్ద. కొట్టేస్తే కోతికి ఆకలి, ఉంచితే అడవి మారిపోతుంది. మెల్లగా కింద మన చెట్లు పెంచి, అవి కాపుకొచ్చాకే దాని జోలికి పోవాలి.

గోదారి_గట్టు
ఇది చదువుతూ ఫొటో మళ్ళీ తెరిచా. జూమ్ చేశా. తోక చివర కుచ్చు ఉంది, కరెక్టే. పొట్టకి ఒక పిల్ల అతుక్కుని ఉంది, జూలు లేదు, మొహం లేతగా. అది తల్లి అని ఆ రోజు చూడనే లేదు.

ఇంకోటి. పైన అడ్డంగా పడిందన్నానే, కరెంటు తీగ అని... అది తీగ కాదు. బెల్టులా చదునుగా ఉంది, రెండు చెట్లకి కట్టి ఉంది.

కోవై_తెలుగోడు
అదేనన్నా. వంతెన.

నల్లమల_నడక
పైన వంతెన ఉండి కూడా చిప్స్ కోసం దిగిందన్నమాట.

గోదారి_గట్టు
అవును. మావాడికి చూపించా. ‘నాన్నా, మనం పిలవకపోతే పైనుంచే వెళ్ళేదా’ అన్నాడు. ఏం చెప్పాలో తెలీక హోంవర్క్ చేసుకోమన్నా.

శిరసి_కోడలు
ఆ ఫొటో ఇక్కడ పెట్టండి, పిల్లాడి మొహం కనపడకుండా.

గోదారి_గట్టు
రేపు పెడతా అక్కా. చిప్స్ ప్యాకెట్ కూడా కనపడకుండా చేయాలి, ఎలా చేస్తారో ఎవరైనా చెప్పండి.

వేపచెట్టు_నీడ
ప్యాకెట్ ఉంచు గురూ. మీ తాతగారి గడ్డం పోలిక చూడాలి మాకు, ఆయన ఫొటో కూడా పక్కన పెట్టు.